మాస్టారు ఆగిన చోటు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం పెదవేగిలో పామాయిల్ గెలల తూకం దగ్గర కూర్చుని, ట్రాక్టర్ల వరస ఎప్పటికి తరుగుతుందా అని చూస్తుంటే ఫోన్‌లో మెసేజి మోగింది. ‘తూము అభిమానులు’ అనే గ్రూపు అది. నలభై ముగ్గురం ఉన్నాం అందులో. పండగ శుభాకాంక్షలు, ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు ఫొటోలు, ఎవరూ పాటించని ఆరోగ్య సూత్రాలు తప్ప ఏళ్ళ తరబడి అక్కడ కదలిక లేదు. ఈసారి రాసింది మాస్టారి అమ్మాయి. “నాన్నగారు పోయి వచ్చే ఆదివారానికి నలభై రోజులండీ. ఇంటి దగ్గర ప్రార్థన, భోజనాలు పెట్టుకున్నాం. మీరందరూ తప్పకుండా రావాలి. నాన్నగారు వాయించినవి ఎవరి దగ్గర ఏమున్నా తీసుకురండి. కొల్లేటి షెడ్డులో వాయించింది మటుకు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ముఖ్యంగా అదే కావాలండీ.” దాని కింద వరసగా దండాలు పడ్డాయి. ఒకాయన కేకు బొమ్మ పెట్టి, గబగబా తీసేసి, వేలు జారిందని సంజాయిషీ రాశాడు. సంతాపంలో కూడా మావాళ్ళకి తాళం తప్పుతుంది. నవ్వుదామనుకున్నాను గానీ నా కళ్ళు ఆ ఆఖరి వాక్యం మీదే ఉండిపోయాయి. ఆ తరవాత ఒక ట్రాక్టరుని రెండుసార్లు తూకం వేశానని రైతు కేకలేస్తే గానీ తెలియలేదు. ఆ షెడ్డులో వాయించింది నా దగ్గర ఉంది. లేదని ఎనిమిదేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను.

తూము అనేది మా బ్యాండు. మా అంటే, నేను అందులో ఏమీ వాయించలేదు. నా చేతికి డప్పు ఇచ్చినా దాని మీద అన్నం పెట్టుకుని తినడమే వచ్చు. నేను అభిమానిని. చెరువు ఎండగట్టడానికి తూము ఎత్తితే నీళ్ళు వాటంతట అవి ఆగేదాకా ఎవరూ ఆపలేరు కదా, వీళ్ళూ అంతే. పాటలు ఉండవు. ఏం వాయిస్తారో ముందు అనుకోరు. ఒకరు నాలుగు స్వరాలు వదిలితే రెండోవారు పట్టుకుంటారు, మూడోవారు దాన్ని ఇంకో ఊరికి తీసుకుపోతారు, గంటకో గంటన్నరకో అది తిరిగి ఇల్లు చేరుతుంది. ఒక్కోసారి చేరదు. కొత్తగా విన్నవాళ్ళు ఇరవై నిమిషాలయ్యాక పక్కవాడి చెవిలో, “ఇంకా శ్రుతి చూసుకుంటున్నారా, మొదలెట్టేశారాండీ?” అని అడిగేవారు. మేం పెద్ద తెలిసినట్టు చిరునవ్వు నవ్వేవాళ్ళం. నిజానికి మాకూ తెలిసేది కాదు.

గిటారు మా అన్నయ్యది, అంటే పెదనాన్నగారి అబ్బాయిది. ఆదివారం ఉదయం వట్లూరు చర్చిలో కీర్తనలకి ఎంతో ఒద్దికగా వాయించేవాడు. ఆ ఒద్దిక కసి అంతా మధ్యాహ్నం మా మీద తీర్చుకునేవాడు. కీబోర్డు అదే చర్చిలో సండేస్కూలు చెప్పే టీచరుగారిది. డ్రమ్స్ మా బావ, అక్క మొగుడు. ఆయనది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్టు. కొట్టు వెనక గోడౌనులో బస్తాల మధ్య సాధన చేసేవారు. ఏలూరు నుంచి పాసింజరులో వెళ్ళి, రెండు గంటలు విని, బయటికి వచ్చేసరికి అందరి కళ్ళల్లోనూ నీళ్ళు ఉండేవి. సంగీతం వల్లనే అని చెప్పుకునేవాళ్ళం.

మాస్టారు వాళ్ళకి దొరికింది మాత్రం ఒక రైల్వే గేటు దగ్గర. ఏలూరులో ఒక పెళ్ళి ఊరేగింపు గేటు పడి ఆగిపోయింది. ఒక గూడ్సు వెళ్ళాక ఇంకో గూడ్సు వస్తుందన్నారు. కారులో పెళ్ళికొడుకు చెమట తుడుచుకుంటున్నాడు, బ్యాండువాళ్ళు వాయిస్తున్న పాటనే మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. అయిదోసారికి క్లారినెట్ వాయిస్తున్న పెద్దాయనకి విసుగు పుట్టింది కాబోలు, పాటని తలకిందులు చేశాడు. ఆ పైన పక్కకి తిప్పాడు. పాట పేరు పెట్టి పిలిచినా పలకనంత దూరం తీసుకుపోయి, రెండో గూడ్సు ఆఖరి పెట్టె దాటే వేళకి సరిగ్గా మొదటికి తెచ్చి దింపాడు. గేటు ఎత్తారు. అందరూ కదిలారు, మా అన్నయ్య తప్ప. వెనక లారీలు హారన్లు కొడుతుంటే స్కూటరు రోడ్డు మధ్యన ఆపి, వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడట. ఆయనకి అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. పెళ్ళి బ్యాండుల్లో నలభై ఏళ్ళు. “నాతో ఏం పనండీ మీకు?” అని అడిగారట. “ఇప్పుడు చేశారు చూడండి, అదేనండీ,” అన్నాడట అన్నయ్య. “అది పని కాదు బాబూ, విసుగు,” అన్నారట మాస్టారు. అయినా వచ్చారు. తెల్ల చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, పెట్టె చంకలో పెట్టుకుని, ఆదివారం ఆదివారం వచ్చేవారు. మాకు ఆయన ఒక్క సంగతి మటుకు కచ్చితంగా చెప్పారు. ఎదురుగా ఫోన్లు ఉండకూడదు. పెళ్ళిళ్ళల్లో మొహం మీద లైటు వేయించుకుని జీవితమంతా వాయించినాయన. “నా మొహం ఎందుకండీ మీకు? చెవులు తెచ్చుకున్నారు కదా.”

అలా పుట్టింది మా తవుడు సంచి. చేపల చెరువుల్లో మేత కట్టే గోనెసంచి అది. ఎక్కడ వాయించినా గుమ్మం దగ్గర ఆ సంచి పట్టుకుని ఒకడు నిలబడతాడు; అందరూ ఫోన్లు అందులో వేసి లోపలికి రావాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా తవుడు వాసన. మరి వాయించినది పోకుండా ఉండేదెలా? అందుకు అన్నయ్య ఒక చిన్న చేతి రికార్డరు కొన్నాడు. వంతులవారీగా ఒక్కో కచేరీకి ఒక్కో అభిమాని రికార్డరు కాపలా. కాపలావాడికి ఒకటే నియమం: మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా నోరు తెరవకూడదు. దగ్గొచ్చినా మింగాలి. ఆ నియమం పెట్టింది నేనే. ఎందుకంటే అంతకు ముందు వంతువాడు గంటసేపు పల్లీలు తిన్నాడు. ఆ రికార్డింగులో డ్రమ్స్ కన్నా పల్లీలే బాగున్నాయని నేను అందరి ముందూ అన్నాను. అలాంటివి అనడం నా ఉద్యోగం అనుకునేవాణ్ణి. ఎవరైనా కళ్ళు మూసుకుని తల ఊపితే చాలు, వాళ్ళ గాలి తియ్యకపోతే నాకు అన్నం అరిగేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు. చతురుడనే పేరు తప్ప వేరే ఆస్తి లేదు.

కొల్లేటి షెడ్డు కచేరీ వానాకాలంలో జరిగింది. చేపలు పట్టాక ఐసు వేసి, ట్రేలకెత్తి, లారీలకెక్కించే పాకింగ్ షెడ్డు అది, కైకలూరు వెళ్ళే దారిలో చెరువు గట్టు పక్కన. ఆ వారం పట్టుబడి లేదు కాబట్టి ఖాళీగా ఉందని దాని యజమాని మాకు ఇచ్చాడు. బావకి స్నేహితుడు, పెద్ద ఒళ్ళు, అంతకన్నా పెద్ద నవ్వు. ఆయన నవ్వితే చెరువులో చేపలకి గాలాడుతుంది, వేరే ఏరియేటర్లు అక్కర్లేదు అని నేనే అనేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం చేరాం. పాతికమందికి మించి లేము. ఇప్పుడు అక్కడ ఉన్నామని చెప్పుకునేవాళ్ళందరినీ కూర్చోబెట్టాలంటే కొల్లేరు పూడ్చాలి. ఆ పని ఎలాగూ చాలావరకు అయింది. బోర్లించిన చేపల ట్రేల మీద కూర్చున్నాం. కడిగినా పోని నీచు వాసన, తడి సిమెంటు, దూరంగా గట్టు మీద గూడబాతులు. మొదలెట్టగానే వాన అందుకుంది. రేకుల కప్పు మీద ఆ మోతకి గిటారు వినపడక అన్నయ్య సౌండు పెంచాడు. టీచరుగారు ఇంకా పెంచారు. వానా తగ్గలేదు, వీళ్ళూ తగ్గలేదు. రికార్డరుని ఎప్పుడూ ఒక వెదురుకి కట్టి ముందు పాతేవాళ్ళం. ఆ రోజు కప్పు కారుతోంది. తడుస్తుందని తీసి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు కాపలా నాదే. మాస్టారికి సరిగ్గా ఎదురుగా, మొదటి వరసలో కూర్చున్నాను, పక్కన షెడ్డు యజమాని.

అరగంటకి వాన ఠక్కున ఆగింది. ఆగిన కాసేపటికి కరెంటు పోయింది. గిటారు పోయింది, కీబోర్డు పోయింది. అంత చప్పుడూ ఒక్కసారిగా చచ్చిపోయి, కప్పు అంచు నుంచి కారే చుక్కలు, బావ డ్రమ్ములు, మాస్టారి క్లారినెట్టు మిగిలాయి. బావ కర్రలు పక్కన పడేసి అరచేతులతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అప్పటిదాకా నలుగురు మోస్తున్నది ఇప్పుడు ఆయన ఒక్కరే మోయాలి. మోశారు. నేను సంగీతం గురించి గొప్పగా చెప్పలేను. ఒకటే చెబుతాను: ఆ పది నిమిషాలూ నాకు ఎవరినీ వెక్కిరించాలనిపించలేదు. గట్టు మీద నడిచిపోతున్న ఒక ముసలామె గడ్డి మోపు దింపకుండానే నిలబడిపోయింది. ఒక్కో స్వరం ఎంత పొడుగ్గా సాగేదంటే, దాని చివర ఎక్కడుందో చూద్దామని మేమంతా ముందుకి వంగిపోయాం. ఆ తరవాత ఆ పొడుగు తగ్గుతూ వచ్చింది. రెండు స్వరాలకి ఒకసారి, ఒక స్వరానికి ఒకసారి ఆయన ఊపిరి తీసుకుంటున్నారు. మెడ నరాలు తేలాయి. ఒక స్వరం మధ్యలోనే తెగింది. ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను భరించలేకపోయాను. అలాంటి చోట నాకు తెలిసిన పని ఒకటే. పక్కకి వంగి, “మాస్టారి బండి రిజర్వులో పడిందండీ,” అన్నాను.

గుసగుసగానే అన్నాను. ఇంకో రోజైతే నా పక్కవాడికి కూడా వినపడేది కాదు. ఆ రోజు వాన లేదు, కరెంటు లేదు, సౌండు లేదు. షెడ్డు యజమాని నవ్వాడు. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ ఆ నవ్వు అలా ఆగే రకం కాదు, వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. మాస్టారు కళ్ళు తెరిచారు. నా వైపు చూశారా, ఆయన వైపు చూశారా, ఇప్పటికీ చెప్పలేను. ఒక పెద్ద ఊపిరి తీసుకున్నారు. అది వాయించడానికే అనుకున్నాం అందరం. క్లారినెట్టు కిందికి దించి, నోరు పెట్టే చోట జేబురుమాలుతో తుడిచి, ముక్కలు విడదీసి, ఒక్కొక్కటీ పెట్టెలో దాని గుంటలో దాన్ని పెట్టి, మూత వేశారు. లేచి, చెప్పులు తొడుక్కుని, గట్టు మీదికి వెళ్ళి, చెరువు వైపు తిరిగి నిలబడ్డారు. ఏం జరిగిందో వాయించేవాళ్ళకి గానీ మా వెనక కూర్చున్నవాళ్ళకి గానీ తెలియదు. బావ అరచేతులతో అలా కొడుతూనే ఉన్నాడు. అన్నయ్య కరెంటు లేని గిటారు మీదే మీటాడు, దోమ పాడినంత చప్పుడు. అందరం ఊపిరి బిగబట్టి ఆ దోమని విన్నాం. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. అది ఇంకో ఇరవై నిమిషాలు సాగి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా ముగిసింది. చప్పట్లు కొట్టడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు.

మా అభిమానులకి అది పురాణమైపోయింది. ‘మాస్టారు ఆగడం’ అంటారు దాన్ని. శిఖరం మీదికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మిగతావాళ్ళు సొంతంగా నడవాలని చెయ్యి వదిలేశారని ఒక వర్గం. శబ్దం కన్నా గొప్పది నిశ్శబ్దమని చూపించారని ఇంకో వర్గం. ఉండిలో చేపల మేత అమ్మే ఒకాయన దీని మీద గ్రూపులో తొమ్మిది భాగాలు రాశాడు. ప్రతివాడి గాలీ తీసే నేను, ఈ ఒక్క బండి టైర్ల మీద మాత్రం చెయ్యి పెట్టకుండా ఊరుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి రికార్డరు పెట్టుకుని వింటే, జేబులో నా నోటికి జానెడు దూరంలో ఉంది కాబట్టి, మొత్తం కచేరీలో బ్యాండు కన్నా స్పష్టంగా వినిపించేది నా ముక్క ఒక్కటే. మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేసి, రికార్డరు వానకి తడిసి పాడైంది, ఏమీ ఎక్కలేదని చెప్పాను. “పోనీలేరా, కొన్ని మిగలకపోవడమే అందం,” అన్నాడు. దానికి కూడా నేనేమీ అనలేదు. అన్నయ్య ఆశ్చర్యపోయి ఉంటాడు. మాస్టారు తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. బావ ఇంటికెళ్ళి పిలిస్తే, “ఇక చాలండీ,” అన్నారట. పెళ్ళి బ్యాండుకి కూడా వెళ్ళడం లేదన్నారట. ఏడాది తిరక్కుండా తూము మూతపడింది. టీచరుగారు హైదరాబాదు వెళ్ళిపోయారు. బావ డ్రమ్ముల మీద ఇప్పుడు ఉల్లిపాయలు ఆరబెడుతున్నారు.

నలభయ్యో రోజున ఏలూరులో మాస్టారింటికి పదకొండు మందిమి వెళ్ళాం. సన్న వీధి, ముందు గదిలో కుట్టు మిషను. అమ్మాయి బట్టలు కుడుతుంది. నాకన్నా అయిదారేళ్ళు పెద్దది. ప్రార్థన అయ్యాక బిర్యానీ, దాల్చా పెట్టి, ఎవరికీ వద్దనే అవకాశం ఇవ్వకుండా వడ్డించారు. తరవాత చాప మీద గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరం గుర్తున్నవి చెప్పాం. చావింట్లో అందరూ ఒక్కసారే మాట్లాడతారు, అందరూ ఒక్కసారే ఆగుతారు. ఉండి నుంచి వచ్చిన మేత వ్యాపారి తన తొమ్మిది భాగాలనీ ఒక భాగానికి కుదించాడు గానీ అదేమీ చిన్నది కాలేదు. అమ్మాయి అందరినీ ఓపిగ్గా విని, చివరికి అడిగింది.

“మీరందరూ ఆ రోజు గురించి ఇంత గొప్పగా చెబుతున్నారు. మరి ఆ రోజు నుంచే ఎందుకు మానేశారండీ ఆయన? మేం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మీకెవరికైనా తెలుసా?”

బావ గొంతు సవరించుకున్నాడు. “చెప్పవలసిందంతా ఆ రోజే చెప్పేశారమ్మా. ఇంకేం మిగల్లేదు.”

“అలాగాండీ,” అంది ఆవిడ. ఆ ‘అలాగాండీ’లో నమ్మకం ఇసుమంతైనా లేదు. ఏలూరులో మనిషి మర్యాదగా ఉన్నప్పుడే భయపడాలి.

అందరూ లేచారు. నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నటించాను. బావ వీధి మొదట్లో నుంచి, “ఏరా, ఒక్క జత చెప్పులకి ఇంతసేపా?” అని కేకేశాడు. “మీరెళ్ళండి బావా, వస్తాను,” అన్నాను. లోపలికెళ్ళి జేబులోంచి రికార్డరు తీసి కుట్టు మిషను మీద పెట్టాను. “అక్కా, షెడ్డులో వాయించింది ఇందులో ఉంది. తడిసిపోయిందని అందరికీ అబద్ధం చెప్పాను. అరగంట దాటాక ఒక చోట నా గొంతు వినిపిస్తుంది. ఆయన ఆగింది అందుకే,” అన్నాను. దారంతా దీనికి ముందూ వెనకా చాలా వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇయర్‌ఫోన్లు తెచ్చుకుని, నాకు స్టూలు చూపించి, మిషను ముందు కూర్చుని మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళు వింటున్నది మనకి వినపడకుండా, వాళ్ళ మొహం మాత్రం చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నేను చెప్పలేను. వాన ఎప్పుడు ఆగిందో తెలిసింది, ఆవిడ తగ్గించుకున్న సౌండు తిరిగి పెంచింది. మాస్టారు ఒక్కరే మిగిలిన చోట తెలిసింది, మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ తరవాత ఆవిడ ఉలిక్కిపడింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి కూడా విన్నది. ఇయర్‌ఫోన్లు తీసి నన్ను పరీక్షగా చూసింది.

“రిజర్వు అన్నది మీరా?”

“నేనేనక్కా.”

“ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఉందండీ ఆ మాట. ఎవరిదో తెలియలేదు,” అంది. “ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ నాన్నగారే చెప్పారు. ‘ఒక కుర్రాడు భలే అన్నాడే, నా బండి రిజర్వులో పడిందంట,’ అని. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఇక అదే ఊతపదం అయిపోయింది మాకు. మెట్లెక్కి ఆగితే, ‘ఏం నాన్నా, రిజర్వా?’ అనేదాన్ని. నమాజుకి వెళ్ళొచ్చి అరుగు మీద కూలబడితే అమ్మ అనేది. ఆయనా నవ్వేవారు. ఏడాదిన్నర అలా నవ్వుకున్నామండీ. ఆ తరవాత ఆస్పత్రికి తీసుకెళితే, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇంతకాలం ఏం చేస్తున్నారమ్మా అని కేకలేశారు డాక్టరుగారు. ఏం చెప్పమంటారు? నవ్వుకుంటున్నామని చెప్పాలా?”

ఏదైనా ఒక ముక్క అందామని వెతుక్కున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి వచ్చేది.

“ఆయనకి నా మీద కోపం ఉండేదా అక్కా?” అని అడిగాను చివరికి. అడిగాక సిగ్గేసింది, ఆయన పోయిన ఇంట్లో కూర్చుని నా సంగతే చూసుకుంటున్నాను.

“తెలియదండీ. నవ్వుతూనే చెప్పారు. క్లారినెట్టు పెట్టె మటుకు మళ్ళీ తియ్యలేదు. రెండూ నిజమే.” ఆవిడ కాసేపు దారపు కండెని ఊరికే అటూ ఇటూ తిప్పింది. “నేనీ రికార్డింగు ఎందుకు అడిగానంటే, అప్పటికే ఆ జబ్బు ఉందా లేదా అని. ఉందండీ. కరెంటు పోయిన దగ్గర్నుంచీ వినిపిస్తోంది, ఊపిరి తీసినప్పుడల్లా ఈల. మీరందరూ పాట విన్నారు. మేం మీ మాట విన్నాం. ఆ ఈల ఎవరమూ వినలేదు.”

బయట వీధిలో ఎవరో ప్లేట్లు కడుగుతున్నారు. ఆవిడ లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అవి తాగి, ఏదో ఒక మేలు చేసి బయటపడదామనే తొందరలో, “ఆ ముక్క కత్తిరించేసి మిగతాది కాపీ చేసి తెచ్చిస్తానక్కా. అమ్మగారు వింటే బాధపడతారు,” అన్నాను.

“వద్దండీ,” అంది ఆవిడ. “దాని కిందే ఉంది నాన్నగారు తీసుకున్న ఆ పెద్ద ఊపిరి. మీ మాట తీస్తే అదీ పోతుంది.”

కాపీ తీసి ఇస్తానని రికార్డరు వెంట తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక, ఆవిడ వద్దన్నా, కంప్యూటర్లో పెట్టి ప్రయత్నించాను. నిజమే. షెడ్డు యజమాని నవ్వూ నా మాట తోకా ఆ ఊపిరీ ఒకే చోట పడ్డాయి. ఎక్కడ గీత గీసినా ఒకదానితో రెండోది తెగుతోంది. ఉన్నది ఉన్నట్టే కాపీ చేసి ఆవిడకి ఇచ్చాను. గ్రూపులో వాళ్ళు ఇది చదువుతారు, చదవనీ. ఉండి ఆయనకి పదో భాగం దొరుకుతుంది. మనకి కావలసిన ముక్కా, మనం సిగ్గుపడే ముక్కా కలిపే దాచిపెడుతుంది కాలం. విడదీసి ఇమ్మంటే రెండూ ఇవ్వదు.